బొమ్మ లేని డీన్

కిందటి వారం మీరు నన్ను వదిలి వెళ్ళింది గ్రంథాలయం కింద, బాయిలర్ గది పక్కనున్న నేలమాళిగలో. చేతిలో ఉలి, జుట్టు నిండా చెక్కపొట్టు. రెండుసార్లు వాయిదా వేసిన నా పీహెచ్‌డీ వైవాకి డీన్ ఎరాజ్మ్ గూజిక్ ఉన్నట్టుండి జనవరిలో తేదీ ఇచ్చాడు, కారణం చెప్పలేదు. నా మొండితనం చూసి జడుసుకున్నాడని నేను తెగ మురిసిపోయి, మా బొమ్మలాట జట్టులోని నా నేస్తం టిమోన్‌కి బీరు కూడా పోయించాను. ఆ బీరు ఎంత దండగైందో ఇప్పుడు చెప్తాను.

డిసెంబరు వచ్చిందంటే మా జావోజిన్ విశ్వవిద్యాలయంలో చదువు తప్ప అన్నీ జరుగుతాయి. హాస్టళ్ళ కిటికీలకి అలంకరణ పోటీ. గాయక బృందం సాధన, ఉన్నది ఒకే పాట, ఎవరి శ్రుతి వాళ్ళది. ప్రతి విభాగంలోనూ ఓ సాయంత్రం పలచటి అప్పం విరుచుకుని శుభాకాంక్షలు చెప్పుకోవడం. ఏడాది పొడుగునా ఒకరి మీద ఒకరు పితూరీలు మోసినవాళ్ళు ఆ కాసేపూ ఒకరి చేతిలో అప్పంలోంచి ఒకరు ముక్క విరుచుకుని, "ఆరోగ్యంగా ఉండండి" అంటూ బుగ్గల మీద ముద్దులు పెట్టుకుంటారు. ముక్క గొంతు దిగకముందే మళ్ళీ పితూరీలు మొదలు.

గూజిక్ వచ్చాక వీటన్నిటినీ మూటగట్టి "శీతకాల వైభవం" అని పేరు పెట్టి, బ్యానర్ల మీద తన ఫొటో వేయించుకున్నాడు. ప్రధాన ద్వారం ముందు మా వ్యవస్థాపకుడి మంచు విగ్రహం ఒకటి నిలబెట్టించాడు. ఓ పూట ఎండ కాసేసరికి ఆ మహానుభావుడి గడ్డం కరిగి పొట్ట మీదకు జారింది. ముక్కు ఎటు పోయిందో తెలియదు. ఇప్పుడు ఆ విగ్రహం ఉడికిన బంగాళాదుంపలా ఉంది. డీన్ మాత్రం దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతూనే ఉన్నాడు.

ఈ సంత మొత్తంలో నాకు గౌరవం ఉన్నది ఒక్కదాని మీదే. పాక బొమ్మలాట. బాలయేసు పుట్టిన పశువుల పాకని అట్టలతో, తళుకు కాగితాలతో రెండంతస్తుల రాజభవనంలా కడతాం. గొర్రెలకాపరులూ ముగ్గురు రాజులూ వచ్చి వెళ్ళాక మా ప్రొఫెసర్లు దిగుతారు, చెక్క తలలతో, కర్రల మీద. ఒక్కొక్కరి మీదా ఒక వెక్కిరింపు పాట. పాటయ్యాక బొమ్మ వంగి దండం పెట్టి, హాల్లో కూర్చున్న తన అసలు మనిషిని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది. ఆ మనిషి లేచి నిలబడి నిజం చెప్పాలి. నీళ్ళు నమిలాడో, జవాబు వచ్చేదాకా హాలు హాలంతా బూట్లతో నేల దంచుతుంది. ప్రశ్నేమిటో బొమ్మ చెక్కినవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. అడిగినందుకు ఎవరూ కక్ష కట్టకూడదు. ఒకసారి లాటిన్ ప్రొఫెసర్‌ని ఆయన బొమ్మ, "మా జవాబు పత్రాలు నిజంగా చదువుతావా?" అని అడిగింది. ఆయన లేచి, కళ్ళజోడు తుడుచుకుని, "మొదటి పేజీ దాకా" అన్నాడు. ఆ రోజు నుంచీ పిల్లలు ఆయనంటే పడి చస్తారు.

కాబట్టి మా దగ్గర బొమ్మ ఉండటం తిట్టు కాదు, లేకపోవడమే తిట్టు. వెక్కిరించడానికి కూడా పనికిరాడని అర్థం.

గూజిక్ మూడేళ్ళుగా డీన్. ఏటా మొదటి వరసలో కూర్చుంటాడు, ముందుగానే ముఖానికి నవ్వు తగిలించుకుని. పక్కన భార్య ఫోను పైకెత్తి వీడియోకి సిద్ధంగా ఉంటుంది. ఒక్కసారి కూడా అతని బొమ్మ దిగలేదు. ఇందులో మాకు కక్షేమీ లేదు. ఎంత ప్రయత్నించినా అతని మీద నాలుగు పాదాలు కూడా రాలేదు. ఏముందని రాస్తాం? అతను రాసినవాటిలో చదవదగ్గది ఒక్కటే, ఉప్పుగని కార్మికుల పాటల మీద కుర్రతనంలో చేసిన డాక్టరేటు పుస్తకం. అది మాత్రం బంగారం. ఆ బుర్రలోంచి అలాంటి పుస్తకం ఎలా ఊడిపడిందో నాకు ఎప్పుడూ అంతుపట్టలేదు. ఆ తర్వాత రాసినవన్నీ నివేదికలు, వాటి మీద మళ్ళీ నివేదికలు.

నా గైడు ప్రొఫెసర్ సలోమేయా జుబెర్ ఈ ఆటకి పెద్ద దిక్కు. ఏటా ఆవిడ బొమ్మ ఉంటుంది, ఇంత ముక్కుతో. ఈ ఏడు మాత్రం, "నాది వద్దులేవే, కొత్తవాళ్ళకి చోటియ్యి" అంది. పెద్దావిడ చాదస్తం అనుకుని వదిలేశాను.

ఆట ఎల్లుండి అనగా, మధ్యాహ్నం పూట, గూజిక్ మా నేలమాళిగ మెట్లు దిగి వచ్చాడు. టిమోన్ మా అట్ట భవనం వెనక నేల మీద పడుకుని బురుజులకి తళుకు కాగితం అంటిస్తున్నాడు. వాడు న్యాయశాస్త్రం చదువుతూ ఆటలో దెయ్యానికి గొంతిస్తాడు, రెండింటికీ తేడా లేదంటాడు. డీన్‌కి వాడు కనిపించలేదు.

"పనిలో ఉన్నారా? చేసుకోండి, చేసుకోండి. నేను ఊరికే వచ్చాను."

డీన్లు ఊరికే రారు, అందులోనూ బాయిలర్ పక్కకి.

"కూర్చోండి డీన్ గారూ. ఆ జిగురు డబ్బా పక్కన పెట్టి కూర్చోండి."

అతను కూర్చోలేదు. తాడుకి వేలాడదీసిన బొమ్మల వెంట, చేపల కొట్టులో బేరానికొచ్చినవాడిలా, ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచాడు.

"ఇది లాటిన్ ఆయన కదూ? భలే కుదిరిందే. ఇదెవరు, వైస్ డీనా? ఆవిడక్కూడా ఉందన్నమాట."

"ఉందండీ."

"పాట కూడానా?"

"రెండు పాటలండీ. ఆవిడ మీద ఎంత రాసినా ఇంకా మిగిలిపోతోంది."

"రెండా!" తాడు చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చాడు. రాజుల బొమ్మల వెనక్కి కూడా తొంగిచూశాడు. "చూడండి బోగ్నా గారూ, నా గురించి మీకో సంగతి చెప్పాలి. నేను విమర్శకి భయపడే మనిషిని కాదు."

"తెలుసండీ."

"నా చోట ఇంకో డీన్ ఉంటే ఇలాంటివి ఆపించేస్తాడు. నేను ఆపను. నన్ను ఎంతైనా ఏడిపించుకోండి."

"మేం మిమ్మల్ని ఏడిపించడం లేదండీ."

"పర్లేదు, మొహమాటపడకండి."

"మొహమాటం కాదండీ. నిజంగానే ఏమీ లేదు."

భవనం మీది బురుజు వెనకనుంచి ఎర్ర కొమ్ముల దెయ్యం బొమ్మ మెల్లగా తలెత్తి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వినసాగింది. టిమోన్‌ని తర్వాత తన్నాలనుకున్నాను.

"పోయినేడు కూడా మరిచిపోయారు," అన్నాడు గూజిక్.

"మరిచిపోలేదండీ. అందరం కూర్చుని ఆలోచించాం."

"ఆలోచించి?"

"నిద్రొచ్చింది. వెళ్ళి పడుకున్నాం."

అతని మెడ కాలర్ పైనుంచి ఎర్రబడటం మొదలుపెట్టింది. "మా అత్తగారు అంత దూరం నుంచి ప్రత్యేకం ఈ ఆట చూడ్డానికే వచ్చిందండీ పోయినేడు. బీట్‌రూట్ సూపు తాగుతూ అందరి ముందూ అడిగింది: 'ఎరాజ్మ్, నువ్వు నిజంగానే డీన్‌వేనా?' అని. ఏం చెప్పమంటారు నన్ను? ఈ శీతకాల వైభవం ఎవరు తెచ్చారు? స్కేటింగ్ రింకు ఎవరు పెట్టించారు?"

"అది మొదట్నుంచీ ఉందండీ. వెనక మైదానంలో వాన నీళ్ళు గడ్డకడతాయి."

"దానికి రిబ్బన్ కట్టించింది నేను!"

ఇలాంటి మనిషి చేతిలో మా చదువులూ బతుకులూ ఉన్నాయి కదా అనిపించింది. నవ్వు రాలేదు. రోత పుట్టింది. అతను చెడ్డవాడైనా బాగుండేది, చెడ్డవాడి మీద మంచి పాటలు వస్తాయి.

"ఇదంతా మీ జుబెర్ గారి పని," అన్నాడు ఉన్నట్టుండి. "నన్ను వదిలెయ్యమని ఆవిడే చెప్పుంటుంది."

"ఆవిడకే బొమ్మ లేదండీ ఈ ఏడు."

"ఉండదు మరి! వెళ్ళిపోయేవాళ్ళకి మీరు బొమ్మ చెయ్యరుగా!"

బాయిలర్ ఒకసారి గుర్రుమని ఆగింది. మా ఆటలో అదొక కట్టుబాటు. కొలువు వదిలి పోయేవాళ్ళని వెక్కిరించం, వెళ్ళేవాళ్ళ వెనక నవ్వకూడదంటారు. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడ తన బొమ్మ వద్దన్నప్పుడు అది నా మట్టిబుర్రకి తట్టనే లేదు.

"ఆవిడ ఎక్కడికి వెళ్తున్నారు?"

మాట జారానని గూజిక్‌కి అర్థమైంది. నోరు మూసుకుని ఉండొచ్చు. మూసుకుంటే గూజిక్ ఎలా అవుతాడు? బొమ్మ లేని ఉక్రోషం మూడేళ్ళది.

"మీ వైవా తేదీ ఆకాశంలోంచి ఊడిపడిందనుకున్నారా? మిమ్మల్ని చూసి భయపడి ఇచ్చాననుకున్నారా? ఆవిడొచ్చి అడిగింది. ఊరికే ఎలా ఇస్తానమ్మా అన్నాను. జనవరి నెలాఖరుకి కుర్చీ ఖాళీ చేస్తానంది. సరే అన్నాను. ఆ విభాగంలో ఈవెంట్ మేనేజ్‌మెంట్ కోర్సు పెడుతున్నాం. కాలంతో పాటు నడవాలి కదండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు మండింది అతని మీద కాదు, నా మీద. చెట్టుతొర్రల్లో తేనెటీగలు పెంచిన పాత కుటుంబాల మీద నా థీసిస్. దాన్ని అక్షరం అక్షరం దిద్దించి, నాతోపాటు అడవుల్లో మోకాటి లోతు మంచులో తిరిగిన మనిషి తన కుర్చీ అమ్మి నాకు తేదీ కొనిపెట్టింది. నేనేమో అది నా ప్రతాపమనుకుని బార్లో కూర్చుని మీసాలు లేకపోయినా మెలేశాను.

ఒళ్ళోని చెక్కపొట్టు దులుపుకుని లేచాను. "మీ బొమ్మ చేస్తాను డీన్ గారూ."

"నిజంగానా?"

"ఇంత మంచి సంగతి దొరికాక చెయ్యకుండా ఎలా ఉంటాం?"

అతను మొదటి మాటే విన్నాడు, రెండోది వినలేదు. ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోయింది. జుట్టు ఇప్పుడున్నట్టు కాకుండా కాస్త ఒత్తుగా పెట్టమన్నాడు. గడ్డం కింద రెండో గడ్డం అక్కర్లేదన్నాడు. టై నీలం రంగుదైతే తన కళ్ళకి నప్పుతుందన్నాడు.

"ఆ ప్రశ్న సంగతి... నేను చెప్పకూడదనుకోండి..."

"ప్రశ్న చెక్కినవాళ్ళదండీ."

"తెలుసు, తెలుసు. ఊరికే మాటవరసకి. 'ఇన్ని పనులు ఒక్కడివే ఎలా చేసుకొస్తున్నావు?' అలాంటిదేదైనా అడిగితే బాగుంటుందని. జవాబు కూడా తయారుగా ఉంది." మెట్ల దగ్గర ఆగాడు. "జుబెర్ గారి విషయం మాత్రం మన మధ్యే ఉండనివ్వండి."

మూడేళ్ళు బొమ్మ కోసం కలలు కన్న మనిషికి, ఆ బొమ్మకి నోరుంటుందన్న సంగతి పట్టలేదు. జవాబు ముందే వండుకుని పెట్టుకున్నాడు, ప్రశ్న ఎవరి చేతిలో ఉందో చూసుకోలేదు. మా విశ్వవిద్యాలయంలో పుట్టి పెరిగిన వెధవ తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది.

అడుగుల చప్పుడు ఆగాక టిమోన్ బురుజు వెనకనుంచి పాకుతూ వచ్చాడు. ముఖం నిండా తళుకులు.

"ఏం అడుగుతావే వాణ్ణి?"

"చెప్పకూడదుగా."

"నువ్వు చెప్పక్కర్లేదులే. నేను నా బూట్లకి కొత్త మేకులు కొట్టించుకొస్తా."

మర్నాడు మధ్యాహ్నానికి తల సిద్ధమైంది. ఆ ముఖం చెక్కడం ఎంత విసుగు పనో మీకు తెలియదు. లాటిన్ ప్రొఫెసర్‌కి నుదురుంది, వైస్ డీన్‌కి దవడ ఉంది. గూజిక్ ముఖంలో ఉలి పట్టుకోవడానికి ఎక్కడా ఏమీ లేదు. చివరికి ఆ నవ్వొక్కటి లోతుగా చెక్కి, మిగతాది నున్నగా వదిలేశాను. అచ్చు వాడే. ఒత్తైన జుట్టు కూడా పెట్టాను, కోటు అస్తరులోంచి లాగిన ఉన్నితో.

అప్పుడే సలోమేయా గారు వచ్చింది, గసగసాల కేకు వార్తాపత్రికలో చుట్టుకుని. ఆట ముందు రోజు వచ్చి మా బొమ్మల ముక్కులకి వంకలు పెట్టడం ఆవిడకి అలవాటు. బల్ల మీద తల చూసి, దగ్గొచ్చేదాకా నవ్వింది.

"ఓరి నాయనో! వీణ్ణి ఎలా పట్టావే? చెవులు ఇంకాస్త పెంచు. ఎవరి మాటా వినడు కానీ చెవులు మాత్రం చేటలు." నవ్వాపి నా వైపు చూసింది. "ఇన్నేళ్ళూ వాడి మొహాన ఉలి పెట్టనిదానివి. ఇప్పుడేమొచ్చింది?"

"మీ కుర్చీ సంగతి తెలిసింది మేడమ్."

ఆవిడ కేకు పొట్లం నెమ్మదిగా బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"వాగాడా?"

"వాగాడు."

"బొమ్మ కోసమా?"

"బొమ్మ కోసమే."

"చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడే వెధవ. వాడే వాగాడా! వాడి కడుపులో ఏదైనా దాగిందంటే బతుకంతటికీ ఒక్కటే దాగింది."

"నా కోసం ఎందుకు చేశారు మేడమ్ ఇలా? నాకు అక్కర్లేదు ఆ తేదీ. రేపు వాణ్ణి అందరి ముందూ నిలబెడతాను. ఆవిడ కుర్చీ దేనికి కొన్నావని వాడి బొమ్మ చేతే అడిగిస్తాను. వాళ్ళత్తగారు కూడా వస్తోందట. బూట్ల చప్పుడికి హాలు అదిరిపోవాలి." ప్రశ్న బయట పెట్టకూడదన్న నియమం మీరానని తెలుసు. ఆ కోపంలో నాకు ఏ నియమమూ లెక్కలేదు.

"అడిగితే ఏం చెప్తాడు?"

"నిజం. చెప్పక ఎక్కడికి పోతాడు?"

"అదే నా భయం." ఆవిడ గూజిక్ తల చేతిలోకి తీసుకుని, ఉన్ని జుట్టు సర్దింది. ఆ సర్దడం నాకు నచ్చలేదు. "గూజిక్‌కి బెదురు పుడితే ఒక్క నిజంతో ఆగడే. అన్నీ కక్కేస్తాడు. ఉప్పుగని పాటల పుస్తకం చదివావు కదూ నువ్వు?"

"మీరే కదా చదివించారు. ఇప్పుడదెందుకు మేడమ్?"

"ఎలా ఉంది?"

"బాగుంది. చాలా బాగుంది. ఆ గని లోపల గుర్రం చచ్చిపోయినప్పుడు వాళ్ళు పాడుకునే పాట గురించి రాసిన భాగం ఇప్పటికీ చదివితే ఏడుపొస్తుంది నాకు. వాడి మొహానికి అలాంటి పుస్తకం ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి."

"సంతోషం," అంది సలోమేయా గారు. "ఇన్నేళ్ళలో ఆ మాట నా మొహం మీద అన్నదానివి నువ్వొక్కదానివే."

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"గనిలోకి దిగింది నేను," అంది. "పాటలు పట్టింది నేను. రాసింది నేను. డాక్టరేటు వాడికి వచ్చింది. ఇప్పుడా పుస్తకం అడ్డం పెట్టుకునే నా కుర్చీ అడిగాడు. నేను నోరెత్తితే ఇద్దరం పోతామని వాడికి తెలుసు."

"ఎందుకు రాసిచ్చారు మేడమ్ వాడికి? ఏం చూశారు వాడిలో?"

"జుట్టుండేదే అప్పట్లో." నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. "పెళ్ళి చేసుకుంటాడనుకున్నాను. సిగ్గులేని మాట, అయినా అదే నిజం."

చెట్టుతొర్రల తేనెటీగల మీద నా థీసిస్‌లో ఒక్క వాక్యం ఎవరిదో చెప్పలేదని, ఈ మనిషే నా చేత ఒక అధ్యాయం మొత్తం తిరగరాయించింది. దొంగ వాక్యం దొంగ దూడ కంటే నీచమంది. నాకు ఏడవాలో, ఆ తల తీసి ఆవిడ మీదకి విసరాలో తెలియలేదు. నిన్నటిదాకా నా ఏవగింపు అంతటికీ ఒకే చిరునామా ఉండేది. ఇవాళ అది నేను ప్రాణం పెట్టే మనిషి ఇంటి ముందు కూడా ఆగింది.

"రేపు నువ్వు వాణ్ణి అడిగితే వాడు నన్ను ఈడుస్తాడు," అంది ఆవిడ. "నేను పోతే నా సంతకంతో నిలబడ్డ నీ వైవా కూడా పోతుంది. నువ్వు అడక్కపోతే వాడు నా కుర్చీలో ఈవెంట్ మేనేజ్‌మెంట్ పెడతాడు. నీకు మాత్రం డాక్టరేటు వస్తుంది. బాగా ఆలోచించుకో."

లేచి, మూల పెట్టెలోంచి ఉలి తాకని మెత్తటి లిండెన్ చెక్క ముక్క ఒకటి ఏరి తెచ్చి, గూజిక్ తల పక్కనే పెట్టింది.

"నా బొమ్మ కూడా చెయ్యి. వెళ్ళిపోయేవాళ్ళకి చెయ్యరని తెలుసు. అయినా చెయ్యి. అడిగేది వాణ్ణా నన్నా అన్నది చెక్కేదానివి, నీ ఇష్టం. నన్ను అడిగితే బూట్లు దంచక్కర్లేదు. నేను లేచి నిలబడతాను."

పైన హాల్లో కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు మొదలైంది. టిమోన్ మెట్ల మీదనుంచి అరిచాడు: "ఏయ్ బోగ్నా! డీన్ గారు ఇప్పుడే వచ్చి మొదటి వరసలో తన కుర్చీ చూసుకుని పోయాడే! నీలం టై కట్టుకున్నాడు!"

సలోమేయా గారు కోటు గుండీలు పెట్టుకుని, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది.

"ముక్కు మాత్రం తగ్గించకు," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

బల్ల మీద ఒక పక్క నవ్వుతున్న తల, ఇంకో పక్క ముఖం లేని చెక్క. నేను ఉలి చేతిలోకి తీసుకున్నాను.